శనగ అంచుకు ఒక కెర్నెల్

ఉద్యోగ జ్ఞాపకాలు రాసే హక్కు ఎవరికి ఉండాలి అన్న విషయం మీద కళాశాల రోజుల్లో ఒకసారి వేదికెక్కి వాదించాను. తల నెరిసినవారికి, పదవీ విరమణ సభలో శాలువా కప్పించుకున్నవారికి మాత్రమే ఉండాలన్నది నా పక్షం. మొదటి బహుమతి నాకే వచ్చింది. ఇప్పుడు ఆ తీర్పు నాకే అడ్డం పడుతోంది. నా తల ఇంకా నల్లగానే ఉంది. శాలువా ఎవరూ కప్పలేదు. ఉద్యోగం నుంచి నేను విరమించానా, ఉద్యోగమే నన్ను విరమించుకుందా అన్నది ఇప్పటికీ ఇదమిత్థంగా తేలలేదు. అయినా రాస్తున్నాను. పులివెందులలో నా దగ్గర కంప్యూటర్ పాఠాలు నేర్చుకుంటున్న ఒక అమ్మాయి ఈ మధ్య తరగతిలో లేచి, "సార్, మీరు బయట ఎప్పుడన్నా పనిచేసినారా, లేకుంటే మొదటినుంచీ చెప్పడమేనా?" అని అడిగింది. ప్రశ్న న్యాయమైనది. అక్కడికక్కడ జవాబు చెప్పలేకపోయాను కనుక ఇక్కడ చెబుతున్నాను.

నా మొదటి ఉద్యోగం పులివెందులలోనే. చుట్టుపక్కల ఊళ్ల దుకాణాలకూ మిల్లులకూ కంప్యూటర్లు అమర్చి, చెడితే బాగుచేసే ఒక చిన్న సంస్థ అది. దాన్ని నడిపే మేడం మాటల విషయంలో చాలా పొదుపరి. ఇంటర్వ్యూలో ఆమె "నెట్‌వర్కంటే ఏంది?" అని అడిగితే, "మీరు ఏ దృక్కోణం నుంచి అడుగుతున్నారో ముందుగా స్పష్టం చేయాలి" అన్నాను. ఆమె నన్ను ఒకసారి చూసి, లేచి వెళ్లి, బయట ఇంకెవరైనా కూర్చుని ఉన్నారేమోనని తొంగిచూశారు. ఎవరూ లేరు. ఉద్యోగం వచ్చింది.

నా అలవాటు గురించి ఒక మాట చెప్పాలి. చర్చాపోటీలలో పెరిగినవాడికి నిరూపణ లేని వాక్యం చెవిన పడితే ఒళ్లు చిరచిరలాడుతుంది. బస్సులో పక్కనున్నాయన "ఈసారి వానలు పడవు" అంటే, ఏ ఆధారంతో అంటున్నారని అడిగి, ఆయన దిగిపోయేదాకా వదిలేవాణ్ణి కాను. తొండూరు దగ్గర మా ఊళ్లో పెద్దవాళ్లు నేను ఎదురైతే దారి మార్చుకునేవాళ్లని మా అమ్మ చెబుతుంది. దాన్ని నేను గౌరవంగానే భావించాను.

మేడం నన్ను పంపిన చోట్లలో ప్రొద్దుటూరులోని ఒక డిజైను దుకాణం ఒకటి. చీరల దుకాణం కాదు, చీరల మీది బొమ్మల దుకాణం. జమ్మలమడుగు వైపు నేతపనివాళ్లు జకార్డ్ మగ్గాల మీద అంచులు నేస్తారు. మగ్గం పైన ఒక చట్రం, దానికి చిల్లులు పొడిచిన అట్టల వరుస తగిలించి ఉంటుంది. అట్టలో చిల్లు ఉన్నచోట పడుగు దారం, అంటే మగ్గం మీద నిలువున సాగదీసిన దారం, పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. మామిడి పిందె అయినా హంస అయినా ఆ చిల్లుల్లోంచి పుట్టవలసిందే. నేతగాళ్లు కాగితం మీద బొమ్మ తెస్తే, దాన్ని కంప్యూటర్లో గళ్లుగా మార్చి, ఆ గళ్ల ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టి ఇవ్వడం ఆ దుకాణం పని. యజమాని యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. మొదటి రోజే నన్ను "అప్పా" అన్నాడు, నేను "మామా" అన్నాను. ఆ ఊళ్లో పరిచయం అంతటితో పూర్తవుతుంది.

దుకాణం ముందుగదిలో బొమ్మలు గీసే కొత్త కంప్యూటర్లు. వెనకగదిలో చిల్లులు కొట్టే ఇనుప యంత్రం, దాన్ని నడిపే నల్లతెర పాత కంప్యూటరు. ఈ రెండు గదుల మధ్య, డిజైన్లన్నీ దాచిపెట్టే సర్వరు ఒకటి మూలుగుతూ ఉండేది. నిజంగానే మూలిగేది, లోపల డిస్కు అరిగిపోయింది. దాని బదులు కొత్త సర్వరు పెట్టాలి. చిక్కు ఎక్కడంటే, వెనకగది కంప్యూటరుకు ఇప్పుడు లోకమంతా వాడే నెట్‌వర్క్ భాష రాదు. దానికి వచ్చింది ఐపీఎక్స్ అనే పాత ప్రోటోకాల్ ఒక్కటే. యంత్రం అమ్మిన సంస్థ ఎప్పుడో మూతపడింది. కొత్త భాష నేర్పేవాళ్లు లేరు. ఫ్లాపీలో వేసి అందిద్దామంటే దాన్ని దూర్చే సందులో బొద్దింకలు కాపురం పెట్టి తరాలు గడిచాయి.

కనుక మేడం ఇచ్చిన ఆజ్ఞ ఇది: కొత్త సర్వరులో లినక్స్ వేయాలి, అది ముందుగదితో కొత్త భాషలోనూ వెనకగదితో పాత భాషలోనూ మాట్లాడాలి. లినక్స్‌కు గుండెకాయలాంటి భాగాన్ని కెర్నెల్ అంటారు. యంత్రానికి ఏయే భాషలు రావాలో నిర్ణయమయ్యేది అక్కడే. కొత్త కెర్నెళ్లలో ఐపీఎక్స్‌ను తీసేశారు, చూసుకునేవాళ్లు లేరని. అది ఇంకా మిగిలి ఉన్న ఒక పాత కెర్నెల్ మూలాన్ని తెచ్చి, కావలసినవి ఎంచుకుని, మన చేత్తో కట్టుకోవాలి. ఆ దుకాణానికి బయటి ఇంటర్నెట్ తగలదు కనుక పాతదైనా భయం లేదు.

కెర్నెల్ కట్టేముందు ఒక ప్రోగ్రాము ప్రశ్నలు అడుగుతుంది. ఫలానా పరికరానికి మద్దతు కావాలా? ఫలానా ప్రోటోకాల్ కావాలా? జవాబులు మూడే: అవును, కాదు, అవసరమైనప్పుడు పిలుచుకుంటాను. ప్రతి ప్రశ్న కిందా ఒక వివరణ ఉంటుంది. చాలా వివరణల చివర, నీకు తెలియకపోతే కాదను అని సలహా ఉంటుంది. ఆ సలహా చదివినప్పుడు నా హృదయం ఉప్పొంగింది. నిరూపణ భారం ప్రతిపాదించినవాడిదే అన్నది మా చర్చాశాస్త్రానికి తొలి సూత్రం. ఒక యంత్రం ఆ సూత్రాన్ని అంగీకరించడం అదే మొదటిసారి చూశాను. సాధారణంగా పనివాళ్లు ఇలాంటిచోట ముందున్న జవాబులనే ఉంచి, కావలసిన ఒకటి రెండు మాత్రం మార్చుకుంటారు. నేను అలా చేయలేదు. ప్రతి ప్రశ్ననూ ఒక తీర్మానంగా స్వీకరించి, విచారణ జరిపించాను.

యజమాని పక్కన స్టూలు వేసుకుని చూస్తూ ఉన్నాడు.

"ఏంది, అన్నిటికీ కాదంటాండావు? పెండ్లి సంబంధాలేమన్నా చూస్తాండావా అప్పా?"

"తన అవసరాన్ని తాను నిరూపించుకోలేనిదానికి కెర్నెల్లో చోటు లేదు మామా."

"నా అవసరం రొంత నిరూపించు మళ్ల. నన్ను గూడా తీసేస్తావేమో."

సరదాకు రేడియోలో మాట్లాడుకునేవాళ్ల హామ్ రేడియో ప్రోటోకాళ్లను కొట్టేశాను. ఒకప్పుడు టెలిఫోను తీగల మీద ఆఫీసులను కలిపిన ఎక్స్.25కు నివాళి అర్పించి కొట్టేశాను. ఐపీఎక్స్ దగ్గరికి వచ్చేసరికి అవును అనక తప్పలేదు, కానీ అభ్యంతరం నమోదు చేయకుండా అనలేకపోయాను. యజమాని వైపు తిరిగి, కాలం చెల్లిన ప్రోటోకాళ్లను మోయడం సమాజానికి ఎందుకు భారమో వివరించాను. దాన్ని పుట్టించిన లోకమే దాన్ని చనిపోయిందని ప్రకటించిందనీ, మనం చేస్తున్నది శవానికి అలంకారమనీ అన్నాను.

అంతా విని ఆయన అన్నాడు: "నా మిషను రోజూ పని చేస్తాండాది గదప్పా. సచ్చిపోయిందని దానికెవురూ చెప్పలేదేమో."

ఐపీఎక్స్‌కు అవునని నొక్కాను.

లినక్స్‌తో వచ్చిన మామూలు కెర్నెల్ మీదనే పాత సర్వరులోని డిజైన్లన్నీ కొత్తదానిలోకి ఎక్కించాను, నేను కట్టినదాన్ని ఇంకా వేసి చూడలేదు. పాతది ఆపి, కొత్తది పెట్టే రోజు మాత్రం నిర్ణయించాలి. యజమాని "అమావాస్య నాడు పెట్టుకుందామప్పా, బాగుంటాది" అన్నాడు.

నా దురదృష్టం, ఆ వాక్యంలో నాకు వినిపించింది మొదటి మాట ఒక్కటే. మూఢనమ్మకాల మీద అంతర్ కళాశాల పోటీలో కప్పు గెలిచినవాణ్ణి. ఇనుపయంత్రానికీ చంద్రుడికీ సంబంధం అంటగట్టడం గురించి, పంచాంగం చూసి కేబుళ్లు తగిలించే జాతి భవిష్యత్తు గురించి అనర్గళంగా మాట్లాడాను. ముందుగదిలో బొమ్మలు గీసే కుర్రవాళ్లు పని ఆపి విన్నారు. యజమాని మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. చివరన "శానా బాగా మాట్లాడినావు" అన్నాడు.

"అయితే ఏ రోజు మామా?"

"నువ్వే చెప్పు. ఇంత గట్టిగా చెప్తాండావంటే కంప్యూటరులో ఏదో లెక్క ఉంటాది."

నా స్వాతంత్ర్యాన్ని చాటుకోవడానికి అమావాస్యకు ముందు రోజును ఎంచుకున్నాను. ఆయన గోడ క్యాలెండరులో ఆ గడిని వేలితో రెండుసార్లు తట్టి, సరేనన్నాడు.

ఆ తర్వాత తెలిసింది ఇది. అమావాస్య నాడు నేతపనివాళ్లు మగ్గం ఆడించరు. అది వాళ్ల సెలవు. మగ్గం ఆగి ఉంటుంది కనుక పాత అట్టలు దించి కొత్తవి కట్టుకునేది ఆ రోజే. దాంతో ఆ రోజు డిజైను దుకాణానికి ఎవరూ రారు, యంత్రానికి పనుండదు. ఆయన అమావాస్య అన్నది అందుకు. రేపు కట్టుకోవలసిన అట్టలను ముందు రోజే తీసుకుపోవాలి కనుక, నెల మొత్తంలో ఆ దుకాణం కిటకిటలాడేది సరిగ్గా అమావాస్యకు ముందు రోజు. ప్రశ్నించడమే ధర్మంగా బతికినవాణ్ణి, 'ఎందుకు మామా?' అన్న చిన్న ప్రశ్న మాత్రం ఆ పూట నాకు తోచలేదు.

ఆ రోజు నేను వెళ్లేసరికే అరుగు మీద నేతగాళ్లు వరుసగా కూర్చుని ఉన్నారు. వాళ్లలో పెద్దముడియం వైపు ఒక పల్లె నుంచి వచ్చిన ఒక నడివయసు ఆవిడ ఉంది. ఆమెను నేను చిన్నమ్మా అని పిలిచాను. నాకు వాళ్లందరిలో ఆమె ముఖమే గుర్తుంది, దానికి కారణం ఆమె డిజైను. అంతకు వారం ముందే కుర్రవాళ్లు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించారు. మామిడి పిందెలూ హంసలూ కావు, శనగ మొక్క. చిన్న చిన్న ఆకులు, ఉబ్బిన కాయలు, ఒక్కో కాయ మొనన చిన్న ముల్లు. వాళ్ల ఊరి నల్లరేగడి చేల మీద కనబడేదాన్ని ఆమె తన చేత్తో కాగితం మీద గీసుకుంది. ఇన్నేళ్లూ ఇంకొకరి బొమ్మలు నేసిన మనిషికి అది సొంత బొమ్మ.

"ఎప్పుడయితాదప్పా?" అని ఆమె అడిగింది.

"ఒక్క గంట చిన్నమ్మా."

పాత సర్వరు ఆపాను. కొత్తది వేశాను. అది లేచింది, నాలుగు వాక్యాలు పలికింది, డిస్కు కనబడలేదని చెప్పి నిలిచిపోయింది. కారణం నేనే. ఆ డిస్కుతో మాట్లాడే భాగం తన అవసరాన్ని తగినంత నిరూపించుకోలేదని విచారణలో కొట్టేశాను. కెర్నెల్ మళ్లీ కట్టవలసి వచ్చింది. ఇంకో గంట అన్నాను, మధ్యాహ్నం దాటింది.

"పొద్దున గూడా గంటే అన్నావు. నీ గంట ఎంత పొడుగుంటాదప్పా?" అంది చిన్నమ్మ.

అరుగు మీద అందరూ నవ్వారు. నేనూ నవ్వవలసింది, కానీ కాలం అనేది సాపేక్షమని చెప్పడం మొదలుపెట్టాను. ఎవరో "గమ్మునుండు సామీ, పని చెయ్" అన్నారు.

రెండోసారి సర్వరు చక్కగా లేచింది. ముందుగది కంప్యూటర్లు దాన్ని గుర్తుపట్టాయి. ఐపీఎక్స్ కూడా లేచింది. వెనకగదికి వెళ్లి పాత కంప్యూటరు వేస్తే, సర్వరు దొరకలేదని తెర మీద రాసింది. ఆపి వేశాను. అదే మాట. యజమాని తీగలోనే తప్పుందని తీర్మానించి, దానికి నల్లటేపు చుట్టి, అటూ ఇటూ ఊపి, చివరకు తీగను బుజ్జగించినట్టు నిమిరాడు. తీగకేమీ కాలేదు. ఆయన కూడా నా అంత నమ్మకంగా పొరబడగలడని తెలిసి కొంచెం ఊరట కలిగింది.

అయితే పాత సర్వరునే తిరిగి పెడదామనుకున్నాం. మీట నొక్కితే లోపల టిక్కుమని ఒక చప్పుడు, అంతే. డిస్కు తిరగలేదు. ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగింది. ఆపిన తర్వాత మళ్లీ తిరగడం దాని వల్ల కాలేదు.

"నేను చెప్పినా గదా, దాన్ని ఆపితే లేవదని," అన్నాడు యజమాని.

"ఎప్పుడు చెప్పావు మామా?"

"మనసులో అనుకున్యా. నువ్వు మాట్లాడతాంటే యాడ చెప్పేది?"

మేడంకు ఫోన్ చేశాను. జరిగింది విని ఆమె ఒకే ప్రశ్న అడిగారు. "ఆయప్పతో వాదన గెలిచినావా, పని అయినాదా?"

"రెండింటిలో ఒకటి అయింది మేడం."

"ఆ రెండోది అయినంక ఫోన్ చెయ్," అని పెట్టేశారు.

నేతగాళ్లు ఒక్కొక్కరే లేచారు. చాలామందికి పాత అట్టలతోనే ఇంకొన్నాళ్లు నడుస్తుంది. వచ్చే అమావాస్యకు చూసుకుంటామన్నారు. చిన్నమ్మకు అలా లేదు. సాయంత్రం బస్సుకు సంచి సర్దుకుంటూ తన సంగతి చెప్పింది.

"పడుగు నాది కాదప్పా, సావుకారుది. నూలు ఆయనిస్తాడు, నేసేది మేము. ఈ శనగ అంచు ఒక్కసారికి ఒప్పుకున్యాడు. ఎల్లుండి పొద్దున మగ్గాలు చూసేకి వస్తాడు. అప్పటికి మగ్గం ఆడతా ఉంటే సరి, లేకుంటే పడుగు ఇప్పుకోని పోయి ఇంగొకరికి ఇస్తాడు. మామిడి పిందెలే నేయిస్తాడు. రేపు అట్టలు కట్టుకుంటే గదా ఎల్లుండి ఆడేది?"

"అది అన్యాయం చిన్నమ్మా. ఆయనతో నేను మాట్లాడతాను."

"మాట్లాడొద్దు నాయనా," అంది ఆమె, ఎంతో దయగా. "అట్టలు తే."

మర్నాడు అమావాస్య. మొదటి బస్సుకు ప్రొద్దుటూరు చేరాను. దుకాణం ముందు నీళ్లు చల్లి ముగ్గు వేసి ఉంది. యజమాని చిల్లుల యంత్రానికి పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టే పనిలో ఉన్నాడు. కుర్రవాళ్లు లేరు, అరుగు ఖాళీ. నేను మాట్లాడటానికి మనిషి లేని చోటు ఆ ఉద్యోగంలో నాకు అదే మొదటిసారి దొరికింది. వెనకగదిలో కూర్చుని పాత కంప్యూటరు వేశాను. అది లేస్తున్నప్పుడు నల్లతెర మీద వరసగా అక్షరాలు నడుస్తాయి. ముందురోజంతా ఆ అక్షరాలు నడుస్తున్నంతసేపూ నేను ఎవరికో ఏదో వివరిస్తూనే ఉన్నాను. ఇప్పుడు చదివాను.

అందులో ఒక వాక్యం, తాను ఏ రకం కవరులో ఉత్తరాలు పంపుతుందో చెబుతోంది. ఐపీఎక్స్ సందేశాలు తీగ మీద వెళ్లేటప్పుడు ఒక కవరులో పెట్టి వెళతాయి. ఆ కవర్లు కొన్ని రకాలు. రెండు యంత్రాలూ ఒకే రకం వాడాలి. లేకపోతే భాష ఒకటే అయినా ఒకరి ఉత్తరాన్ని ఒకరు చూడనైనా చూడరు. కొత్త సర్వరులో ఏ కవరు వాడాలన్న ప్రశ్న వచ్చినప్పుడు నేను ప్రమాణాల సంఘం ఆమోదించినదాన్ని ఎంచుకున్నాను. నేను కాదన్నవాటిలో ఒకటి, నియమాలు పూర్తిగా రాయకముందు ఎవరో తొందరపడి వాడుకలోకి తెచ్చిన, సక్రమం కాని రకం. అలాంటిదాన్ని వాడకపోవడం ఒక విలువ అనుకున్నాను. వెనకగది కంప్యూటరు పుట్టినప్పటి నుంచీ వాడుతున్నది అదే.

సర్వరు దగ్గరికి వెళ్లి ఒక్క మాట మార్చాను. తిరిగి వచ్చి చూస్తే నల్లతెర మీద డిజైన్ల పేర్లు బారులు తీరి ఉన్నాయి. శనగను ఎంచుకుని మీట నొక్కబోతుంటే యజమాని చేతిలో కొబ్బరి చిప్పతో పరుగున వచ్చాడు.

"పని చేస్తాందా? ఏం చేసినావప్పా?"

"ఒక నియమాన్ని సడలించాను మామా."

"శానా మంచి పని చేసినావు. అయితే ఇప్పుడు కొట్టొద్దు. ఈ పొద్దు అమావాస్య. పూజ చేసినాక మిషను ఆడగూడదు."

ఆ పూట చిల్లులు పడకపోతే శనగ మొక్క అక్కడితో సరి. పాత అలవాటున ఉపన్యాసం గొంతులోకి వచ్చింది. దాన్ని మింగి, అంతకు ముందే అడగవలసిన ప్రశ్న అడిగాను.

"ఎందుకు ఆడకూడదు మామా?"

ఆయన తల గోక్కున్నాడు. "మా నాయన ఆపుతా ఉండె. నేనూ ఆపుతాండా. యంత్రానికి ఒకదినం నిమ్మళం గావల్ల గదా." కాసేపు కొబ్బరి చిప్ప వైపు చూశాడు. యంత్రం వైపు చూశాడు. "మళ్ల ఇంగొకటి ఉందప్పా. కొత్త సర్వరు పెట్టినాక మిషను సరిగ్గా ఆడతాందా లేదా అని చూసుకోవల్లనా వద్దా?"

"చూసుకోవాలి."

"చూసుకునేది పని కిందికి రాదు. పని వేరే, పరీక్ష వేరే. పరీక్షకు ఏదో ఒక డిజైను కొట్టి చూడల్ల. సగం కొడితే ఏం తెలుస్తాది? మొదట్నుంచీ కడదాకా కొడితేనే గదా తెలిసేది."

న్యాయనిర్ణేతలూ చప్పట్లూ లేని ఆ వెనకగదిలో నేను విన్నంత పకడ్బందీ వాదన ఏ పోటీలోనూ వినలేదు. నేను పక్కకు జరిగాను. ఆయన తన చేత్తోనే మీట నొక్కాడు. పసుపు కుంకుమల యంత్రం దడదడమంటూ శనగ ఆకులను పొడవడం మొదలుపెట్టింది.

చిల్లులు పడిన అట్టలను వరుసగా దారంతో కుట్టాలి. కుట్టేవాళ్లు సెలవులో ఉన్నారు. ఇద్దరం నేల మీద కూర్చున్నాం. నేను ఒక అట్టను తిరగేసి కుట్టాను. ఆయన దాన్ని పట్టుకోకపోయి ఉంటే చీర మీద కాయ నడుమ ఒక వరుస తిరగబడి పడేది. ఆయన ఊడదీసి, "దీనికి రెండు పక్షాలు లేవప్పా, ఒకటే పక్షం," అన్నాడు. ఇది ఆయన నా దగ్గర నేర్చుకున్న భాష. నేను ఆయన దగ్గర కుట్టడం నేర్చుకోలేకపోయాను. వేళ్లు మాత్రం పొడుచుకున్నాను.

జమ్మలమడుగు బస్సులో ఆ మూటను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే కండక్టరు ఆగాడు.

"ఏందప్పా అది?"

"చీర అంచు."

ఆయన మూట బరువు ఒకసారి ఎత్తి చూశాడు. "ఎవురు కట్టుకుంటారప్పా ఇంత లావు అంచు?" అని టికెట్టు చించి ఇచ్చాడు.

జమ్మలమడుగులో దిగి, ఆటో పట్టుకుని వాళ్ల పల్లె చేరేసరికి ఎండ వాలుతోంది. చిన్నమ్మ మూట అందుకుంది, కృతజ్ఞతలు చెప్పలేదు. మూట విప్పి, మొదటి అట్టను వెలుతురుకు ఎత్తి, చిల్లుల్లోంచి చూసింది. తర్వాత ఆమె, ఆమె భర్త నిచ్చెన వేసుకుని మగ్గం పైకి అట్టలు ఎక్కించడంలో మునిగిపోయారు. ఇంట్లో ఎవరో నాకు మజ్జిగ ఇచ్చారు. ఆ రోజు వాళ్లు మగ్గం ఆడించలేదు. అమావాస్య గదా.

పని అయిందని మేడంకు ఫోన్ చేశాను. "సరే, రా" అన్నారు. నేను వెళ్లలేదు. ప్రొద్దుటూరులో స్నేహితుడి గదిలో ఆగి, మర్నాడు పొద్దున్నే మళ్లీ ఆ పల్లెకు బయలుదేరాను. ఎవరూ రమ్మనలేదు. అయితే సావుకారు వచ్చే రోజు అది. మగ్గం ఆడుతున్నంత మాత్రాన ఆయన ఒప్పుకుంటాడని ఏముంది? నూలు ఒకరిది, శ్రమ ఒకరిది అయినప్పుడు బొమ్మ ఎవరిదన్న మౌలిక ప్రశ్న ఉంది. దాని మీద బస్సులో ఒక ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. ప్రారంభం, మూడు వాదాంశాలు, ప్రతిపక్షం లేవనెత్తగల అభ్యంతరాలు, వాటికి సమాధానాలు, ముగింపు. ముగింపు చాలా బాగా వచ్చింది. పక్క సీటాయన చూస్తున్నాడని రెండుసార్లు గొంతు తగ్గించుకున్నాను.

నేను వెళ్లేసరికి మగ్గం ఆడుతోంది. గుంటలో కాళ్లు పెట్టుకుని చిన్నమ్మ నేస్తోంది. పైన అట్టలు ఒక్కొక్కటిగా టకటకమని తిరుగుతున్నాయి. అంచు మీద రెండు వేళ్ల మేర ఆకు పడింది, మొదటి కాయ సగం ఉబ్బింది. నేను గోడవారగా నిలబడ్డాను. కాసేపటికి మోటారు సైకిలు చప్పుడైంది. సావుకారు లోపలికి వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో హెల్మెట్టు. ఆమె చెయ్యి ఆపింది. ఆయన పలకరింపు కూడా లేకుండా మగ్గం పక్కన గొంతుక్కూర్చుని, అంచును బొటనవేలితో రుద్దాడు. కింది నుంచి చెయ్యి పెట్టి వెనకవైపు చూశాడు.

"ఇంగ రొంత నేయి," అన్నాడు.

ఆమె నేసింది. కాయ పూర్తయింది. మొనన ముల్లు పడింది.

"చీర మీద శనక్కాయలు ఎవురు కట్టుకుంటారు?"

"తినేటోళ్లంతా కట్టుకుంటారు," అంది ఆమె.

ఆయన నవ్వలేదు. ఇంకోసారి అంచు రుద్ది చూశాడు. నేను గొంతు సవరించుకున్నాను. మొదటి వాదాంశానికి అదే అదను. ఆ చప్పుడుకు సావుకారు తలెత్తి, అప్పుడే నన్ను చూశాడు.

"ఎవురీ అబ్బాయి?"

"కంప్యూటరాయప్ప. ప్రొద్దుటూరు నుంచి నీతో మాట్లాడేకి వచ్చినాడు," అంది చిన్నమ్మ. "మొదలుపెడితే ఆపడు సావుకారూ. పొద్దున గంటంటే మాపటిదాకా. ఈ పడుగు మగ్గం మీదనే ఉంటాదని ఆ ఒక్క మాట చెప్పి, నువ్వు బిరబిరా పో."

సావుకారు నా వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. అంచు వైపు చూశాడు.

"ఉండనీలే," అన్నాడు. "ఈ పడుగు అయిందాకా నేయి." హెల్మెట్టు తీసుకుని, నా ముఖం చూడకుండా, గడప దాటాడు. మోటారు సైకిలు చప్పుడు వీధి మలుపు తిరిగింది.

నేను నోరు తెరిచాను. మగ్గం మళ్లీ ఆడటం మొదలుపెట్టింది. ఆ చప్పుడులో ఎవరు మాట్లాడినా వినబడదు.